తోమా పేరున్న మూడు చోట్లు: చెన్నైలో మూడు రోజులు

అమ్మ పోయి ఏడాదిన్నర. అప్పటి నుంచి నాకు ప్రార్థన రావడం లేదు. మోకాళ్లూనితే కరెంటు బిల్లు గుర్తుకొస్తుంది. ఆదివారం చర్చికి వెళ్తూనే ఉన్నాను, పాటలకు పెదవులు కదుపుతూనే ఉన్నాను. దేవుడు మాత్రం చెప్పకుండా ఇల్లు మారిన బంధువులా ఉన్నాడు. అక్క పోరు పడలేక జనవరిలో నెల్లూరులో చెన్నై రైలెక్కాను. మాది బాప్టిస్టు కుటుంబం, పునీతుల సమాధుల దగ్గరికి వెళ్లే అలవాటు లేదు. అయినా యేసు తిరిగి లేచాడంటే కళ్లతో చూస్తే తప్ప నమ్మనన్న ఆయన శిష్యుడు తోమా పేరు మీద మూడు చోట్లున్న ఊరు నాలాంటివాడికి తగినదేననిపించింది.

మొదటి రాత్రి ట్రిప్లికేన్‌లో లాడ్జి, 900 రూపాయలు. గది శుభ్రమే. కిటికీ కింద టీ కొట్టు మాత్రం రాత్రి ఒంటిగంట దాకా మూయలేదు. మర్నాడు శాంథోం దగ్గర సిస్టర్లు నడిపే అతిథిగృహానికి మారాను, 1,100 రూపాయలు. టీవీ లేదు, వేడినీళ్లు అడిగితేనే బకెట్టుతో ఇస్తారు, రాత్రి తొమ్మిదికి గేటు వేసేస్తారు. ఊరు చూడాలనుకునేవారు లాడ్జిలోనే దిగండి.

చిన్నమలైకి మెట్రో సులువు, లిటిల్ మౌంట్ స్టేషన్‌లో దిగి నడవవచ్చు. 1551లో పోర్చుగీసువారు కట్టిన చిన్న చర్చి, పక్కన గుండ్రటి కొత్త చర్చి, పాత చర్చిని ఆనుకొని గుహ. తరిమినవారికి దొరక్కుండా తోమా ఇందులో దాక్కున్నాడనీ, చిన్న కంతలోంచి తప్పించుకున్నాడనీ సంప్రదాయం. బాగా వంగితే తప్ప లోపలికి వెళ్లలేం. నేను తగినంత వంగలేదు, నుదురు బొప్పి కట్టింది. లోపల ఇద్దరు ముగ్గురికే చోటు. ఒకావిడ తన నాలుగేళ్ల పిల్లాడి చేతిని గోడ మీది గుంటలో పెట్టి, పైన తన చెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. అది తోమా చేతి గుర్తట. పిల్లాడేమో నా బొప్పినే చూస్తున్నాడు. వాళ్లు వెళ్లాక నేనూ చెయ్యి పెట్టాను. ఎందరి చేతులు తగిలాయో, రాయి అరిగి నున్నగా, చల్లగా ఉంది. అది ఆయన చెయ్యేనని నమ్మలేదు. కానీ చెయ్యి వెంటనే తీయబుద్ధి కాలేదు.

పరంగిమలైకి, అంటే సెయింట్ థామస్ మౌంట్ కొండకు, మధ్యాహ్నం రెండింటికి వెళ్లడం నా తప్పు. ఆటో అతను 250 తీసుకుని కొండకు అవతలి వైపున దింపిపోయాడు. అలందూర్‌లో మెట్రో మారి సెయింట్ థామస్ మౌంట్ దాకా వెళ్లి ఉంటే పోయేది. మెట్లు 1726లో పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా వర్తకుడు కట్టించాడు. సగం దూరంలో కూలబడి ఆయన్ను తలచుకున్నాను, కృతజ్ఞతతో అయితే కాదు. పైన 1523 నాటి చర్చి, బలిపీఠం దగ్గర పహ్లవీ (పాత పర్షియా లిపి) అక్షరాల రాతి శిలువ. బయట అరుగు మీద కూర్చుంటే విమానాలు దిగడం కనిపిస్తుంది. నాకు ధ్యానం కుదిరింది విమానాల మీదే. సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి, మంచినీళ్ల సీసా తప్పనిసరి.

శాంథోం బసిలికా అనే పెద్ద చర్చి తెల్లగా, ఎత్తుగా ఉంటుంది. ఇప్పుడున్న కట్టడం 1896లో పూర్తయింది. పైన పెళ్లి ఫొటోల సందడి. తోమాను పాతిపెట్టారని చెప్పే సమాధి గదికి దారి వేరు, కిందికి దిగాలి. అక్కడ నిజంగానే నిశ్శబ్దం. తోమా ఎముకలు ఎప్పుడో ఇప్పటి టర్కీలోని ఎడెస్సాకూ, తర్వాత గ్రీకు దీవి కియోస్‌కూ, అక్కడి నుంచి 1258లో ఇటలీలోని ఒర్తోనాకూ చేరాయని చెబుతారు. అంటే జనం మోకరిల్లేది దాదాపు ఖాళీ సమాధి దగ్గర. వెనక బెంచీ మీద అరగంట కూర్చున్నాను. యోహాను సువార్తలో చిన్నప్పటి నుంచి విన్నదే, అక్కడ కొత్తగా తగిలింది: మిగతా శిష్యులు ప్రభువును చూశామన్నాక తోమా నమ్మలేదు, సరే. యేసు మళ్లీ వచ్చింది ఎనిమిది రోజులకు. ఆ ఎనిమిది రోజులూ తోమా ఎక్కడికీ పోయినట్టు లేదు. తాను చూడనిదాన్ని చూశామని సంబరపడేవాళ్ల మధ్యనే తిని, పడుకుని ఉంటాడు. వాళ్లూ పొమ్మన్నట్టు లేదు. ఆ ఇంట్లో రోజూ ఏం మాట్లాడుకునేవారో!

ప్రార్థన అప్పుడూ రాలేదు. కరెంటు బిల్లు కూడా గుర్తుకు రాలేదు, అదొకటి.

ఆదివారం తెలుగు ఆరాధన జరిగే ఒక చర్చికి వెళ్లాను. మైకు గోల ఎక్కువ, ప్రసంగం గంటంబావు. అయిపోయాక ఎవరో పెద్దాయన "బాబూ, ఆ కొస పట్టుకో" అన్నాడు. ఇద్దరం కలిసి చాపలన్నీ చుట్టాం. ఊరూ పేరూ అడగలేదు. టీ ఇచ్చారు, అల్లం బాగా దంచి వేసిన టీ.

నెల్లూరులో దిగాక అక్కకు ఫోను చేసి, బుధవారం ఇంటి ప్రార్థనకు వస్తానన్నాను. పాట ఎత్తుకోమని మాత్రం నన్ను అడగవద్దన్నాను.