ఎన్‌వీడీఏతో తెలుగు పాఠాలు: గొంతు ఉంది, చిక్కంతా ఫైల్లోనే

చూపులేని విద్యార్థికి విండోస్ కంప్యూటర్‌ను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో దీన్ని మొదలుపెట్టింది చూపులేని ప్రోగ్రామరే.

ఇన్‌సర్ట్, కంట్రోల్, వి కలిపి నొక్కితే గొంతు సెట్టింగులు తెరుచుకుంటాయి. అక్కడ ఈస్పీక్ అనే కంప్యూటర్ గొంతులో తెలుగు ఎంచుకోవాలి. గొంతు మరీ యాంత్రికం, మొదటి వారం చెవికి కష్టమే. కానీ వేగం పెంచినా మాట చెదరదు, పరీక్షల ముందు అదే కావాలి. వెబ్ పేజీలో హెచ్ నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు వెళ్లొచ్చు.

అసలు దెబ్బ ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌ల దగ్గర. కంటికి అచ్చ తెలుగే, లోపల ఉన్నవి వేరే గుర్తులు. అందుకే వినిపించేది అర్థంలేని గోల. ఇది ఎన్‌వీడీఏ తప్పు కాదు. స్కాన్ చేసిన నోట్సయితే అసలేమీ పలకదు. అలాంటిది గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు వస్తాయి, అయితే ఒత్తుల్లో తప్పులు దొర్లుతాయి, సరిచూడాల్సిందే. అధ్యాపకులు యూనికోడ్‌లో (తెలుగు అక్షరం ఫైలు లోపలా తెలుగు అక్షరంగానే ఉండే పద్ధతిలో) టైప్ చేసి, శీర్షికలకు వర్డ్‌లోని హెడింగ్ స్టైల్ పెట్టి ఇస్తే ఈ తిప్పలేవీ ఉండవు. దయచేసి వర్డ్ ఫైలే ఇవ్వండి.