వైరున్న మీట్ థర్మామీటర్: టర్కీ బ్రెస్ట్ కోసమే కొన్నాను

టర్కీ బ్రెస్ట్ ఇంట్లో ఓవెన్‌లో చేయడం మొదలుపెట్టిన కొత్తలో రెండుసార్లు పీచుపీచుగా, నీళ్లు తాగితే గానీ గొంతు దిగనంత పొడిగా వచ్చింది. వెన్న సరిపోలేదేమో అనుకుని రెండోసారి ఇంకా ఎక్కువ పూశాను, ఏం మారలేదు. అసలు తప్పు ప్యాకెట్ మీద రాసిన టైమ్‌ని నమ్మడం. అందుకే ఈ డిజిటల్ థర్మామీటర్ కొన్నాను. సన్నటి స్టీలు పుల్ల, దానికి ఓవెన్ తలుపు సందులోంచి బయటికి వచ్చే వైరు, చివర చిన్న డబ్బాలో అంకెలు, అంతే.

బ్రెస్ట్‌లో కొవ్వు చాలా తక్కువ. తొడ మాంసం పది డిగ్రీలు ఎక్కువైనా తట్టుకుంటుంది కానీ ఇది కొంచెం దాటినా లోపలి రసమంతా వదిలేస్తుంది. అలాగని పచ్చిగా తినలేం, లోపల 74 డిగ్రీల సెల్సియస్ రావాల్సిందే. నేను 71 దగ్గర బయటికి తీసి ఫాయిల్ వదులుగా కప్పి పుల్ల అలాగే ఉంచుతాను, పావుగంటలో అంకె దానంతటదే 74కి ఎక్కుతుంది. ఎక్కకపోతే మళ్లీ ఓవెన్‌లోకే.

మొన్న చేసింది ఎముకతో ఉన్న రెండున్నర కిలోల ముక్క, ఓవెన్ 165 డిగ్రీల మీద. మొదటి అరగంట అంకె పెద్దగా కదల్లేదు, తర్వాత నిమిషానికో రెండు నిమిషాలకో ఒక్కో డిగ్రీ. ప్యాకెట్ మీద రెండున్నర గంటలని ఉంది, ఇది గంటా యాభై నిమిషాలకే 71 చూపించింది. అంటే ఇదివరకు నలభై నిమిషాలు ఊరికే ఎండబెట్టానన్నమాట! ఈసారి కోస్తుంటే కత్తి వెంట రసం మెరిసింది, ముక్క వంచితే విరిగిపోకుండా వంగింది.

పుల్ల గుచ్చే చోటు మాత్రం చాలా ముఖ్యం. పక్క నుంచి, బాగా మందంగా ఉన్న చోట గుచ్చాలి, ఎముకకి తగిలితే అంకె తప్పు చూపిస్తుంది. లోపలికి గుచ్చి మెల్లగా వెనక్కి లాగుతూ చూడండి, అన్నిటికంటే తక్కువ అంకె ఎక్కడ వస్తే అక్కడ వదిలేయండి. కొన్న రోజే గ్లాసు నిండా ఐసు వేసి కాసిన్ని నీళ్లు పోసి కలిపి అందులో ముంచి చూశాను, సున్నా రావాలి, నాకు 1 వచ్చింది. ఆ మాత్రం తేడా పర్లేదు.

ఇక నచ్చనివి. డబ్బా మీద 'టర్కీ' అనే బటన్ ఉంది, అది నొక్కితే 82 డిగ్రీలకి అలారం పెడుతుంది. దాన్ని నమ్మితే మళ్లీ పాత కథే, కాబట్టి ప్రతిసారీ అంకె చేత్తో మార్చుకోవాలి. అలారం కూడా పక్క గదిలోకి వినపడదు. అన్నిటికంటే బాధ వైరుతో వచ్చింది. మూడో నెలలో పుల్లని కుళాయి కింద కడిగితే వైరు కలిసే చోట నీళ్లు దిగి, చల్లటి మాంసంలో పెట్టినా 140 చూపించడం మొదలుపెట్టింది. కంపెనీకి రాస్తే వైరు వారంటీలోకి రాదన్నారు. తడపకూడదన్న సంగతి పుస్తకం చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, అదే పుల్ల మీద చీటీ అంటిస్తే ఏం పోయేది? విడిగా ఇంకో పుల్ల కొన్నాను. ఇప్పుడు సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడుస్తున్నాను, ఎనిమిది నెలలుగా బాగానే ఉంది.

కొన్ని టర్కీలకి ఉడికితే పైకి లేచే ప్లాస్టిక్ బటన్ గుచ్చి ఇస్తారు, అదుంటే ఇదెందుకని అడగొచ్చు. నాకు వచ్చినది లేచేసరికి ఈ పుల్ల 80 చూపిస్తోంది.

ఇంకొక్క మాట, ముందురోజు రాత్రి కిలోకి 12 గ్రాముల లెక్కన ఉప్పు రాసి ఏమీ కప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, తోలు కరకరలాడుతుంది. ప్యాకెట్ మీద ఉప్పునీళ్లు ఎక్కించినట్టు రాసి ఉంటే మాత్రం ఉప్పు జోలికి వెళ్లకండి.