రాగి జావలో ప్రొటీన్ పొడి: మూడేళ్లు వాడిన తరువాత

బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ వారానికి నాలుగు రోజులు ఉదయం ఆరు గంటలకు జిమ్‌కు వెళ్లి బరువులెత్తే నేను, 2022 జూన్‌లో పాల విరుగుడు నీటి నుంచి తీసే వే ప్రొటీన్ పొడి వాడటం మొదలుపెట్టాను. మొదటి ఎనిమిది నెలలు దానిని షేకర్‌లో నీళ్లతో కలుపుకొని తాగాను. ఆ తరువాత మూడేళ్లుగా మా ఇంట్లో రోజూ వండుకునే వంటల్లోనే కలుపుకొంటున్నాను. నాకు నిజంగా ఉపయోగపడినది ఈ రెండో పద్ధతే కనుక ఎక్కువగా దాని గురించే రాస్తాను.

పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్దేశించాయి. నా బరువు 68 కిలోలు కనుక ఆ లెక్కన 56 గ్రాములు సరిపోతాయి. క్రమం తప్పకుండా బరువులెత్తేవారికి మాత్రం క్రీడా పోషకాహార నిపుణులు కిలోకు 1.4 నుంచి 2 గ్రాముల వరకు సూచిస్తారు. నేను 1.5 గ్రాములను లక్ష్యంగా పెట్టుకొని, వారం రోజులు ఇంట్లో తిన్నదంతా తూకం వేసి రాసుకొని చూస్తే, కావలసిన నూరు గ్రాములలో అరవైకి మించి రావడం లేదని తేలింది. అదే జాతీయ సంస్థ 2024 ఆహార మార్గదర్శకాలలో కండ కోసం ప్రొటీన్ పొడుల మీద ఆధారపడవద్దని చెప్పింది. ఆ హెచ్చరికను నేను గౌరవిస్తాను. అందుకే లోటులో కొంత భాగాన్ని మాత్రమే పొడితో పూరించి, మిగిలినది పెరుగు, పప్పులు, గుడ్లు, మీల్ మేకర్ కూరతో సరిచేసుకుంటున్నాను.

మొదట కొన్నది కాన్సంట్రేట్ అనే, తక్కువగా శుద్ధి చేసిన రకం, చాక్లెట్ రుచి. అందులో లాక్టోజ్ అనే పాల చక్కెర కొంత ఎక్కువగా ఉంటుంది కనుక తాగిన గంటకల్లా నాకు కడుపు ఉబ్బరించేది. మరింత శుద్ధి చేసిన ఐసొలేట్ రకానికి మారిన వారానికి ఆ బాధ పోయింది. ఐసొలేట్‌లో సుమారు 90 శాతం ప్రొటీన్ ఉంటుంది, లాక్టోజ్ చాలా తక్కువ; ధర ఎక్కువే అయినా నాకు అది తప్పనిసరి ఖర్చు. ఇక వంటలో కలపదలచినవారు ఏ రుచీ కలపని పొడినే ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే వనిల్లా వాసన వచ్చే పెరుగన్నాన్ని ఎవరూ రెండో ముద్ద తినలేరు.

నా వాడకంలో అన్నింటికన్నా బాగా కుదిరినది రాగి జావ. నలభై గ్రాముల రాగి పిండిలో ప్రొటీన్ మూడు గ్రాములకు మించదు. దానికి ముప్ఫై గ్రాముల పొడి తోడైతే, కాసిని పాలతో కలిపి ఒక్క గ్లాసులోనే ముప్ఫై గ్రాముల దాకా ప్రొటీన్ అందుతుంది, రాగులలోని కాల్షియం సరేసరి. అయితే ఇది కుదరడానికి నాకు రెండు నెలలు పట్టింది. పొయ్యి మీద ఉడుకుతున్న జావలో పొడి వేసినప్పుడల్లా అది విరిగిన పాలలా పలుకులు కట్టేది. సుమారు 70 డిగ్రీల వేడి దాటితే వే ప్రొటీన్ తన ఆకృతిని కోల్పోయి గడ్డకట్టుకుపోతుంది. అందులోని పోషక విలువ పెద్దగా తగ్గదు గానీ, నోట్లో ఇసుకలా తగిలే జావను రోజూ తాగడం సాధ్యం కాదు. అప్పుడు నంద్యాల నుంచి వచ్చి ఉన్న మా అమ్మ నా అవస్థ చూసి, "జావ దించి చల్లారనియ్, పొడిని చన్నీళ్లలో కలిపి ఆఖర్న పొయ్" అని చెప్పింది. అంతే, సమస్య తీరింది. ఇప్పుడు జిమ్‌కు వెళ్లే ముందే జావ కాచి మూత పెట్టి వెళతాను. తిరిగి వచ్చేసరికి అది గోరువెచ్చగా ఉంటుంది. పొడిని చన్నీళ్లలో పలుచగా కలిపి, జావలో పోసి, కవ్వంతో నాలుగుసార్లు తిప్పుతాను. ఉప్పు, కాస్త జీలకర్ర పొడి వేస్తే ప్రొటీన్ పొడి రుచి తెలియదు. బెల్లం వేసిన జావలో మాత్రం లేత పాల వాసన కొద్దిగా తెలుస్తుంది.

వ్యాయామం ముగిసిన అరగంటలోపే ప్రొటీన్ తీసుకోకపోతే శ్రమంతా వృథా అని జిమ్‌లో తరచుగా వింటాను. రోజు మొత్తం మీద ఎంత అందిందన్నదే ముఖ్యమని, గంటో రెండు గంటలో ఆలస్యమైనంత మాత్రాన నష్టమేమీ లేదని తెలిసిన తరువాత నాకు చాలా ఊరట కలిగింది. అవుటర్ రింగ్ రోడ్డు రద్దీని తప్పించుకోవడానికి జిమ్ నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లే రోజుల్లో పొడిని చిన్న స్టీలు డబ్బాలో విడిగా తీసుకెళ్లి, అక్కడ పెరుగులో కలుపుకొని అరటిపండుతో తింటాను. ముందుగానే కలిపి పెట్టుకున్న షేకర్ రెండు మూడు గంటలు సంచిలో ఉంటే దుర్వాసన వస్తుంది. వ్యాయామానికి ముందు మాత్రం సగం అరటిపండు తప్ప పొడి జోలికి వెళ్లను, ఎందుకంటే నిండు కడుపుతో స్క్వాట్లు చేయడం నాకు పడదు.

రాత్రి పెరుగన్నంలో పదిహేను గ్రాములు కలుపుతాను. పొడిని ముందు పెరుగులో గిలకొట్టి, పూర్తిగా చల్లారిన అన్నంలో కలిపి, పోపు చివరన వేయాలి. వేడి అన్నంలో కలిపితే జావకు పట్టిన గతే పడుతుంది.

ఇడ్లీ పిండిలో కలిపితే ఇడ్లీలు రబ్బరు ముక్కల్లా సాగాయి, చపాతీలు చల్లారగానే అట్టముక్కల్లా బిగుసుకుపోయాయి, మజ్జిగ నిండా నురగ పొంగింది. పెసరట్టులో కలపడం ఎలాగూ అనవసరం. నూరు గ్రాముల పెసలలోనే సుమారు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది కనుక రెండు మంచి పెసరట్లు తిన్న ఉదయం నేను డబ్బా మూత తీయను.

కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. ఒకసారి తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో తెప్పించిన డబ్బా లోపలి సీలు ఊడి ఉంది, పొడి రంగు కూడా తేడాగా ఉంది, తిరిగి పంపేశాను. అప్పటి నుంచి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్యను, పదార్థాల జాబితాను చదివాకే కొంటున్నాను. ఆ జాబితాలో గ్లైసిన్, టారిన్ వంటివి విడిగా కలిపినట్టు కనిపిస్తే ఆ డబ్బాను వదిలేస్తాను, ఎందుకంటే చవకైన ఆ పదార్థాలు పరీక్షలో ప్రొటీన్ శాతాన్ని ఎక్కువ చేసి చూపగలవు. లోపల ఇచ్చిన చెంచాను కూడా నమ్మవద్దు. నా డబ్బాలోని చెంచాతో నొక్కి తీస్తే 36 గ్రాములు, వదులుగా తీస్తే 27 గ్రాములు తూగాయి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా దీనిని ముట్టుకోకూడదు. నాకు అటువంటి సమస్య లేకపోయినా ఏటా మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటున్నాను, ఇప్పటివరకు మామూలుగానే ఉంది.  ప్రస్తుతం వాడుతున్న డబ్బా ఈ నెలాఖరుకు అయిపోతుంది, మళ్లీ అదే ఐసొలేట్ తెప్పించుకుంటాను. ఈసారి అమ్మ కోసం కూడా ఒక చిన్న డబ్బా నంద్యాలకు పంపుదామనుకుంటున్నాను, ముందు అక్కడి డాక్టరుగారు సరేనంటే.