క్రిస్టోఫ్లా, ఎర్క్వీనా, అచ్చ వెండా: ఏది మేలు?

నేను ఫ్రాన్స్‌లో ఉంటానని తెలిసిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ఫొటో పెట్టి అడుగుతారు: పాత సామాన్ల సంతలో ఈ స్పూన్లూ ఫోర్కులూ దొరికాయి, తీసుకోవచ్చా? అడిగేది ఎప్పుడూ కంపెనీ పేరు గురించే, ముఖ్యంగా వెండి పూత సామాన్లు చేసే క్రిస్టోఫ్ల్, ఎర్క్వీల గురించి. పోయిన నెల నేనే ఒక 24 ముక్కల సెట్టు కొన్నాను కాబట్టి ఆ వేడిలోనే రాసేస్తున్నా.

అచ్చ వెండి సంగతి ముందు తేల్చేద్దాం, అందులో తర్కం పెద్దగా లేదు. 1838 నుంచి ఫ్రాన్స్ వెండి మీద మినర్వా దేవత తల ముద్ర ఉంటుంది. పక్కన 1 అంకె ఉంటే పాత సరుకులో వెయ్యికి 950 పాళ్ళు వెండి, 2 ఉంటే 800. చేసినవాళ్ళ ముద్ర పేకముక్క మీది డైమను ఆకారంలో ఉంటుంది. ఫ్రెంచి సరుకు మీద ఈ రెండూ లేవా, ఎంత మెరిసినా చాలావరకు వేరే లోహం మీద వేసిన వెండి పూతే అనుకోండి. అయస్కాంతం పెట్టి చూశాం అంటారు కొందరు, దండగ. వెండీ అంటదు, పూత కింద ఉండే ఇత్తడీ అంటదు, జర్మన్ సిల్వరూ అంటదు. (మన పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే గిన్నెల జర్మన్ సిల్వరే. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం, అందులో వెండి చుక్క కూడా లేదు.) అచ్చ వెండి ఫోర్కు ఒక్కటే 70, 80 గ్రాములు తూగుతుంది, ధర కూడా వెండి ధరతో పాటే నడుస్తుంది. దాచుకోవడానికైతే అదే కొనండి. రోజూ తినడానికైతే మిగతాది చదవండి.

పూత సరుకు మీద తరచూ కనబడే 84 అనే అంకె చాలామందిని ముంచుతుంది. 84 శాతం వెండి అనుకుంటారు, కొందరు అమ్మేవాళ్ళు కూడా అలాగే చెప్తారు. అసలు లెక్క ఏంటంటే 12 స్పూన్లు, 12 ఫోర్కులు, మొత్తం 24 ముక్కల మీద కలిపి 84 గ్రాముల వెండి పూశారని. అంటే ముక్కకి మూడున్నర గ్రాములు. కరిగించి ఏదో వస్తుందని ఆశ పెట్టుకోవద్దు, వెండి కొట్టుకి పట్టుకెళ్తే నవ్వి పంపిస్తారు. తమాషా ఏంటంటే పాత రష్యా స్పూను మీద అదే 84 ఉంటే అది అచ్చ వెండే, వాళ్ళ లెక్క వేరు. 1983 తర్వాతి ఫ్రెంచి సరుకు మీదైతే చదరపు ముద్రలో రోమన్ అంకె I గానీ II గానీ ఉంటుంది, I అంటే పూత మందం ఎక్కువ.

ఇక క్రిస్టోఫ్ల్, ఎర్క్వీ. మొదటిది 1830లో పుట్టిన కంపెనీ. 1840లలో కరెంటుతో వెండి పూత వేసే హక్కులు కొనుక్కుని ఫ్రాన్స్‌లో ఆ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. రెండోది 1867లో పారిస్‌కి ఉత్తరాన ఎర్క్వీ అనే ఊళ్ళో ఒక చర్చి ఫాదరు మొదలుపెట్టింది. ముద్రల్లో రెండింటికీ గుర్రం ఉంది, అక్కడే తికమక. చదరంగం గుర్రం, అటూ ఇటూ ఓ, సీ అక్షరాలు ఉంటే క్రిస్టోఫ్ల్ (ఇంకా పాతదైతే త్రాసు, సీసీ అక్షరాలు). గుర్రం ఒంటికి మనిషి మొండెం ఉంటే ఎర్క్వీ. ముద్ర గోరంత కూడా ఉండదు, ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి. క్రిస్టోఫ్ల్‌కి ఒక సుఖం ఉంది: మార్లీ, పెర్ల్ లాంటి పాత డిజైన్లు ఇంకా తయారవుతున్నాయి, ఒక స్పూను పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. మళ్ళీ అమ్మాలన్నా ఆ పేరుకి గిరాకీ ఉంది. కానీ ఆ పేరుకి కూడా మీరే డబ్బులు కడుతున్నారు.

నన్నడిగితే తేల్చేది పేరు కాదు, చెంచా వీపు. చెంచాని బల్ల మీద పెడితే ఆనే చోటు ఒకటుంటుంది చూడండి, అక్కడ, ఇంకా ఫోర్కు ముళ్ళ కొసల దగ్గర పూత ముందు అరుగుతుంది. నా మొదటి సెట్టు క్రిస్టోఫ్లే, ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 180 యూరోలకి తీసుకున్నా. ఫొటోల్లో అద్దంలా ఉంది, అన్నీ ముందువైపు తీసినవే. డబ్బా విప్పి ఒక్కో చెంచా తిప్పి చూస్తే తొమ్మిదింటికి వీపు మీద రూపాయి బిళ్ళంత పసుపు మచ్చ, లోపలి ఇత్తడి బయటపడింది. మళ్ళీ పూత వేయించడానికి, ఆ పని చేసేవాళ్ళు చెప్పిన ధర విని ఫోన్ పెట్టేశా. ఈసారి సంతలో ఎర్క్వీ 95 యూరోలకి దొరికింది, 24 ముక్కలూ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వీపులు చూశాకే డబ్బులిచ్చా. పూత నిండుగా ఉన్న ఎర్క్వీ ముందు అరిగిన క్రిస్టోఫ్ల్ ఎందుకూ పనికిరాదు, నా ఓటు ఆ ఎర్క్వీకే. వేరేవాళ్ళ ఇంటి అక్షరాలు చెక్కిన సెట్లు ఇంకా చవక. ఫ్రెంచివాళ్ళు ఫోర్కు బోర్లా పెడతారు కాబట్టి ఆ అక్షరాలు పిడి వెనకవైపు ఉంటాయి. మీకు అభ్యంతరం లేకపోతే అదే లాభం.

కొన్నాక కూడా పూతని మనమే తినేస్తాం. మా అమ్మ వచ్చినప్పుడు వెండే కదా అని విభూతి పెట్టి తోమబోయింది. కంచానికి సరే గానీ అమ్మా, దీనికి ఉన్నదే ఇంత పొర అని లాక్కున్నా. వేడి నీళ్ళు, వంట సోడా, అడుగున అల్యూమినియం రేకు చాలు, నలుపు దానంతటదే వదులుతుంది.

బులాంజే, అపొలో, ఇంకా పేరు తెలియని కంపెనీలు బోలెడు. వీపు బాగుంటే, ధర తక్కువైతే తీసుకోండి, అంతకన్నా ఆలోచించక్కర్లేదు. కత్తులు మాత్రం పాతవి వద్దు. వాటి పిడి గుల్లగా ఉండి లోపల జిగురు లాంటిది పోసి ఉంటుంది, డిష్‌వాషర్ వేడికి అలుగు ఊడి వస్తుంది. నేను స్టీలు కత్తులే పెడుతున్నా, ఇంతవరకు ఏ చుట్టమూ పట్టించుకోలేదు.