అమెరికా ట్రేడ్‌మార్క్ ఫైలింగ్ సర్వీస్: 5కి 3 స్టార్లు

మాది గుంటూరు, పచ్చళ్లూ పొడులూ చేస్తాం, అమెరికాలో మనవాళ్ల ఆర్డర్లు పెరిగాయని బ్రాండ్ పేరు అక్కడ కూడా రిజిస్టర్ చేయిద్దామని ఆన్‌లైన్‌లో ఒక సర్వీస్‌ని పట్టుకున్నా (పేరు వద్దులెండి). మనమే అమెరికా ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైట్‌లో అప్లికేషన్ కొట్టేసుకోవచ్చుగా అంటే కుదరదండీ, 2019 ఆగస్టు నుంచి అక్కడ నివాసం లేనివాళ్లు అమెరికా లైసెన్సున్న అటార్నీతోనే (అంటే లాయర్‌తోనే) వేయాలి.

వీళ్ల అటార్నీ నిజం అటార్నీయే, అది చెక్ చేశా. కానీ ఫస్ట్ చెప్పిన రేటు ఒక క్లాస్‌కే (అంటే ఒక రకం సరుకుకే) అట! పచ్చళ్లు 29వ క్లాసు, కారప్పొడులు 30వది, అంటే రెండు క్లాసులు, గవర్నమెంట్ ఫీజే క్లాస్‌కి 350 డాలర్లు, మొత్తం 700, వీళ్ల చార్జీ వేరే. ఈ ముక్క ముందే చెప్తే ఏం పోయింది? పైగా సరుకు వివరం ఆఫీసు వాళ్ల లిస్టులోంచి తీసుకోకుండా సొంతంగా రాస్తే క్లాస్‌కి ఇంకో 200, అది మాత్రం పడకుండా చూశారు, థాంక్స్.

అసలు చిరాకు ఎక్కడంటే మా లోగోలో తెలుగు అక్షరాలున్నాయి, వాటిని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి అర్థం కూడా చెప్పాలి, వీళ్లు మర్చిపోయారు, దాంతో ఆఫీస్ యాక్షన్ (అప్లికేషన్‌లో లోపం ఉందని ట్రేడ్‌మార్క్ ఆఫీసు పంపే నోటీసు) వచ్చింది. మూడు నెలల్లో జవాబివ్వాలి, ఇచ్చారు, అదీ నేను నాలుగు మెయిల్స్ పెట్టాక.

ఇంకోటి, ఫైల్ చేయగానే "డబ్బు కట్టండి" అని గవర్నమెంట్‌లా కనిపించే దొంగ లెటర్లొస్తాయి, మా నాన్న కట్టేయబోయారు కూడా.