"నడుము వంచనక్కర లేదు" అని అమ్ముతున్న బ్యాటరీ గడ్డి కట్టర్లు: కొనేముందు కర్ర పొడవు కొలిపించుకోండి

బెంగళూరులో సొంత ఇళ్లూ, రో హౌసులూ ఉన్న మన తెలుగువారు వానలు మొదలవగానే గడ్డి కోసే యంత్రాల కోసం ఆన్‌లైన్‌లో వెతకడం మామూలే కనుక, వారందరూ చదవాలని ఈ హెచ్చరిక రాస్తున్నాను. "నడుము నొప్పి ఉండదు", "నిలబడే కోయవచ్చు", "ఎర్గోనామిక్ డిజైన్" అనే మాటలతో మూడు, నాలుగు వేల రూపాయల ధరకు, కర్రను లాగి పొడుగు చేసుకునే రకం బ్యాటరీ కట్టర్లు విరివిగా అమ్ముడవుతున్నాయి. హోసకోట రోడ్డు వైపున్న మా లేఅవుట్ అవసరాల కోసం అలాంటిదే ఒకటి తెప్పించాము. నడుముకు విశ్రాంతి మాట అటుంచి, అది తోట పని చేసే మనిషిని మునుపటికన్నా ఎక్కువగా వంచింది.

ప్రకటనలో పొడవు 120 సెంటీమీటర్లని స్పష్టంగా ఉంది. పెట్టె విప్పి, గొట్టాన్ని చివరిదాకా లాగి, వెనక చేతిపిడి నుంచి కింద మోటారు అడుగు వరకు టేపు పెట్టి కొలిస్తే 94 సెంటీమీటర్లే వచ్చింది. వెనక తోకలా పొడుచుకొచ్చిన బ్యాటరీనీ, ముందు ప్లాస్టిక్ కవచం అంచునూ కలుపుకున్నా 108 దాటలేదు. కదిరి వైపు నుంచి వచ్చి మా లేఅవుట్‌లో తోట చూసే ఆయన ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. దాన్ని పట్టుకుని రెండు మడులు కోశాక, "ఇది పట్టుకోని నిలబడేకి కాదు సార్, కొడవలికి వంగినట్ల వంగల్ల" అని గోడకు ఆనించేశారు.

ఆ పాతిక సెంటీమీటర్ల తేడా ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మోసమంతా అక్కడే ఉంది. మనిషి నిటారుగా నిలబడి పని చేయాలంటే వెనక చేయి తుంటి ఎత్తులో, అంటే భూమికి 85 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. తిరిగే బ్లేడు కాళ్లకు క్షేమకరమైన దూరంలో, శరీరానికి సుమారు 80 సెంటీమీటర్లు ముందుండాలి. ఈ రెండూ కుదరాలంటే పిడి నుంచి మోటారు వరకు దాదాపు 120 సెంటీమీటర్లు కావాలి. 94 సెంటీమీటర్ల కర్రతో బ్లేడును అంతే దూరంలో ఉంచితే చేయి అర మీటరు ఎత్తుకు, అంటే మోకాలి దగ్గరికి దిగిపోతుంది. వంగకుండా నిలబడదామంటే బ్లేడు శరీరానికి 40 సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది, అప్పుడు చెప్పు కొసకూ బ్లేడు అంచుకూ మధ్య జానెడు దూరం కూడా మిగలదు. నడుమో, పాదాలో ఏదో ఒకదాన్ని పణంగా పెట్టమని అడిగే యంత్రం అది.

బరువు కిలోన్నరే కదా, అంత తేలిక యంత్రంతో నడుముకేం నష్టం అని అమ్మకందారు ప్రతినిధి ఫోనులో వాదించారు. యంత్రం తేలికే, కానీ వంగిన మనిషి మోస్తున్నది యంత్రాన్ని కాదు. తల, చేతులు, మొండెం కలిపి తన ఒంటి బరువులో సగానికి పైగా ఉన్న భాగాన్ని నడుము కండరాలతో పట్టి నిలుపుతున్నాడు. జర్మనీ పరిశోధకులు ఒక వ్యక్తి వెన్నుపూసల మధ్య డిస్కులో పీడనం కొలిచే పరికరాన్ని అమర్చి, 1999లో ఫలితాలు ప్రచురించారు: నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్, నిలబడి ముందుకు వంగినప్పుడు 1.1. చేతిలో ఏమీ లేకుండానే రెట్టింపు దాటింది. ఒకే మనిషిపై చేసిన కొలత కనుక అందరికీ అదే అంకె వస్తుందని అనలేము గాని, వరి కోతకు వెళ్లివచ్చిన మన ఊరివాళ్లకు ఆ సంగతి చెప్పడానికి పరికరం అక్కర లేదు.

దానికి తోడు ముందు చేతిపిడి గొట్టానికి అతికి ఉంది, పైకీ కిందికీ జరగదు. మంచి కట్టర్లలో ఆ పిడిని మరను వదులు చేసి మనిషి చేతి పొడవును బట్టి జరుపుకునే వీలుంటుంది. ఇక్కడ అది లేకపోవడం వల్ల, మోటారూ బ్లేడూ కింది కొసనే ఉండటం వల్ల, యంత్రం తలభారమంతా ముందు చేతి మీద పడి భుజం కిందికి లాగుతుంది. ప్రకటన బొమ్మలో నవ్వుతూ నిలబడ్డ మహిళ భుజానికి పట్టీ ఉంది. మాకొచ్చిన పెట్టెలో పట్టీ లేదు, దాన్ని తగిలించే కొక్కెం కూడా గొట్టం మీద లేదు.

బ్యాటరీ సంగతి చెప్పకపోతే ఈ ఫిర్యాదు పూర్తి కాదు. దాని మీద 48 వోల్టులనుకునేలా పెద్ద అక్షరాలతో "48 వీఎఫ్" అని ఉంది, ఛార్జరు అడుగున సన్న అక్షరాలతో 21 వోల్టులని ఉంది. ఒక్కో లిథియం సెల్లు పూర్తిగా ఛార్జయితే 4.2 వోల్టులు కనుక, 21 వోల్టులంటే వరుసగా ఐదు సెల్లులని అర్థం. 48 వోల్టులనేది ఒట్టి అలంకారం. బలం చాలని మోటారు తడిసిన గడ్డి దగ్గర నిలిచిపోతుంటే, కోసిన చోటనే మళ్లీ మళ్లీ తిప్పవలసి వస్తుంది, వంగి ఉండే సమయం ఆ మేరకు పెరుగుతుంది. వయ్యారిభామ కలుపు మొక్క కాండానికైతే ప్లాస్టిక్ బ్లేడు విరిగి ఊరుకుంది.

వాపసు అడిగితే "వాడిన వస్తువు" అన్నారు. ఈ జవాబు విని వెనక్కి తగ్గకండి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, వస్తువు లోపభూయిష్టంగా ఉన్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, దాన్ని వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. ఫిర్యాదు అందినట్టు వారి గ్రీవెన్స్ అధికారి (ఫిర్యాదులు చూసే అధికారి) 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. మేము టేపు పక్కన పెట్టి తీసిన ఫోటోలూ, ప్రకటన స్క్రీన్‌షాటూ జతచేసి రాసిన తర్వాతే వారి స్వరం మారింది, డెలివరీ ఛార్జీ మినహాయించి డబ్బు తిరిగి వచ్చింది. అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు, అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. కొన్న నాడు చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

కొనక తప్పదనుకునేవారు వీలైతే ఎస్.జె.పి. రోడ్డు దుకాణాలకు వెళ్లి, యంత్రాన్ని వాడబోయే మనిషి చేతికే ఇచ్చి చూడండి; యజమాని ఎత్తు వేరు, తోటమాలి ఎత్తు వేరు. బూట్లు వేసుకుని నిలబడి, మోటారు నేలకు రెండు వేళ్ల ఎత్తులో ఉండగా వెనక చేయి తుంటి దగ్గర ఉందో లేదో చూడాలి. ముందు పిడిని మాత్రమే ఒక చేత్తో పట్టుకుంటే యంత్రం తల దభీమని కిందికి వాలకూడదు. చిన్న పెరడుకు, నిజం చెప్పాలంటే, ఛాతీ ఎత్తు కామ (కర్ర పిడి) వేయించిన, గడ్డి చెక్కే దోకుడుపార చాలు, దాని ఖర్చు ఈ యంత్రంకన్నా చాలా తక్కువ. ఏ పనిముట్టయినా, నడుమును అటూ ఇటూ మెలిపెట్టి ఊపే బదులు అడుగులు వేస్తూ ముందుకు సాగడం, కాసేపటికొకసారి చేతులు మార్చుకోవడం అవసరం. వంగి, ఆ వంగిన స్థితిలోనే పక్కకు తిరగడం వట్టి వంగడంకన్నా చెరుపు.

ఆన్‌లైన్‌లోనే తెప్పించుకునేవారు అమ్మకందారును ముందే రాతపూర్వకంగా అడగండి: పిడి నుంచి మోటారు వరకు ఎంత, ముందు పిడి జరుగుతుందా, పట్టీ వస్తుందా. దిగుమతి చేసుకున్నవారి పేరూ చిరునామా పేజీలో లేకపోతే అక్కడే ఆగిపోండి. పెట్టె విప్పుతూ వీడియో తీసి, బ్లేడు బిగించకముందే కొలవండి. బ్లేడుకు ఒక్క గడ్డిపరక అంటినా "వాడిన వస్తువు" అనే సాకు వారికి దొరుకుతుంది.