అరకులో మూడు రోజులు: గది దొరికితే సరిపోదు

నవంబరు చివరి వారంలో అమ్మనూ పిన్నినీ తీసుకుని అరకు వెళ్ళివచ్చాను. శనివారం వెళ్ళి మంగళవారం దిగి వచ్చాం. పెద్దవాళ్ళతో వెళితే ఒక లాభం ఉంది. ఊరి అందం ఒక్కటే చూసి రాలేం. మెట్లు ఎన్ని, నీళ్ళు వేడిగా వస్తాయా, సంచులు ఎక్కడ పెట్టాలి, దారిలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉందా అన్నవన్నీ కళ్ళబడతాయి. ఒక లోయను చూపించడానికి ఎంతమంది ఎన్ని సమకూర్చాలో నాకు ఈ ప్రయాణంలోనే అర్థమైంది.

విశాఖపట్నంలో ఉదయం ఏడు కాకముందే కిరండూల్ రైలు బయలుదేరుతుంది. 2017లో మొదలైన అద్దాల పెట్టెలో సీట్లు దొరకలేదు, మామూలు పెట్టెలోనే కూర్చున్నాం. దానికి నేను బాధపడలేదు. శివలింగపురం దాటి ఘాట్ ఎక్కుతున్నప్పుడు కిటికీలోంచి తగిలే చల్లగాలి అద్దాల వెనక దొరకదు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరూ ఒక్క గొంతుతో కేకలు వేశారు. పిన్ని కూడా నాలుగో సొరంగం నుంచి వాళ్ళతో చేరింది.

ఈ దారి మన కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో కొండలు తొలిచి కొత్తవలస–కిరండూల్ మార్గం వేశారు. ఇప్పటికీ అది ముందుగా ఖనిజం దారే. ఎదురుగా గూడ్సు వస్తే మన రైలు ఆగి దారి ఇస్తుంది. అరకు పర్యాటకం చాలావరకు ఇలా వేరే పనికి వేసిన పట్టాల మీద ఆధారపడి పెరిగింది. అందుకే రైల్లో రోజుకు ఎంతమంది రావాలన్నది లోయలోని గదులు తేల్చవు, ఆ ఒంటి పట్టా తేలుస్తుంది. రెండో లైను పనులు జరుగుతున్నాయి. అవి పూర్తయితే జనం పెరుగుతారు. వాళ్ళకు నీళ్ళు ఎవరిస్తారన్నది వేరే ప్రశ్న.

మేము బొర్రా గుహల స్టేషన్లో దిగిపోయాం. అక్కడి నుంచి జీపులో అరకు వెళితే దారిలో అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ కూడా చూడవచ్చు. ఇలా వెళ్ళాలనుకునేవారు సామాను సంగతి ముందే ఆలోచించుకోండి. మూడు సంచులు మోసుకుని గుహలోకి దిగలేం కదా. టీ కొట్టు నడిపే ఒక అక్క మా అవస్థ చూసి, "ఇక్కడ పెట్టండమ్మా, నేను చీకటి పడేదాకా ఇక్కడే ఉంటాను" అంది. సంచికి ఇరవై రూపాయలు తీసుకుంది. ఆ రోజు మా ప్రయాణాన్ని నిలబెట్టింది ఆ అరవై రూపాయలే.

గుహ గురించి అందరూ రాస్తారు కాబట్టి ఎక్కువ చెప్పను. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ మొదటి విశాలమైన గది దాకా వచ్చి కూర్చుండిపోయింది. అక్కడిదాకా వచ్చినా వచ్చిన ఫలం దక్కుతుంది. మా వెంట గైడుగా వచ్చిన కుర్రాడు అక్కడి ఊరివాడే. ఆవు పైనున్న కన్నంలోంచి పడిపోతే వెతుక్కుంటూ వచ్చిన పశువుల కాపరికి లింగం కనబడిందన్న కథ చెప్పాడు. తరువాత టార్చి వెలుగును సున్నపురాతి మీద పక్కగా వేసి, తడిగా ఉన్న చోటు, ఎండిపోయిన చోటు వేరుచేసి చూపించాడు. నీటిచుక్క ఇంకా పడుతున్న రాయి మెరుస్తుంది, చుక్క ఆగిపోయినది బూడిదరంగుకు తిరుగుతుంది. ముట్టుకోవద్దని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఇలాంటి కుర్రాళ్ళకు మంచి శిక్షణ, నెలంతా పని దొరికితే బొర్రాకు కొత్త రంగు దీపాలతో పనిలేదని నా గట్టి నమ్మకం.

ఇక బస. ఫోనులో ముందుగా డబ్బు కట్టి తీసుకున్న ప్రైవేటు లాడ్జి అది. ఫొటోలో కిటికీ నిండా కొండలు. చేరాక చూస్తే కిటికీ ఎదురుగా ఇంకో లాడ్జి గోడ. అడిగితే, ఫొటోలు పెట్టింది తాము కాదని, గదులు అమ్మిపెట్టేవారని మేనేజరు అన్నాడు. వారికి ఫోను చేస్తే లాడ్జివాళ్ళనే అడగమన్నారు. ఇద్దరూ నా డబ్బులో వాటా తీసుకున్నవారే, జవాబు చెప్పడానికి మాత్రం ఇద్దరిలో ఒక్కరూ లేరు. అరకులో గది తీసుకునేవారు మధ్యవర్తిని నమ్మకుండా నేరుగా ఫోను చేసి, ఏ గది, ఏ అంతస్తు, వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయని అడిగి తెలుసుకోండి.

దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. పిన్ని రాత్రంతా శాలువా కప్పుకుని పడుకుంది. కోపంగానే తెల్లవారి లాడ్జి వెనక్కి వెళ్ళాను. అక్కడ తాడు మీద ఇరవై, ఇరవై అయిదు తెల్ల దుప్పట్లు మంచులో వేలాడుతున్నాయి. ఒకావిడ చివరలు పట్టుకుని పిండుతోంది. ఆ చలిలో ఆమె చేతివేళ్ళు పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి. "పది దాటితే గానీ ఎండ రాదమ్మా. గదులు పన్నెండుకు నిండిపోతాయి" అంది. అన్ని గదులకూ ఇద్దరే మనుషులు, గదికి రెండు జతలే దుప్పట్లు. శని, ఆదివారాల్లో ఆరకముందే పరిచేయక తప్పదు. నా కోపం ఆమె మీద కాదని అప్పుడు తెలిసింది. ముప్ఫై గదులు కట్టిన యజమాని మూడో జత దుప్పట్లు కొనలేదు, ఆరబెట్టే యంత్రం పెట్టలేదు, మూడో మనిషిని పెట్టుకోలేదు. గదుల సంఖ్య బోర్డు మీద రాసుకోవచ్చు, బస మాత్రం ఆ తాడు మీద తేలుతుంది.

అదే గదికి శనివారం 3,800 ఇచ్చాను. సోమవారం రాత్రికి 1,500 చాలన్నారు. సోమవారం అమ్ముడుపోని గదిని ఎత్తిపెట్టి మళ్ళీ శనివారం అమ్ముకోలేరు కదా. చీర మిగిలితే బీరువాలో ఉంటుంది, గడిచిపోయిన రాత్రి గది ఎక్కడా ఉండదు. అందుకే రద్దీ రోజుల్లో పిండుకుంటారు, మిగతా రోజుల్లో మనుషులను పనిలోంచి తీసేస్తారు. పనివాళ్ళకు నెలంతా జీతం ఉండదు కాబట్టి నేర్చుకున్నవాళ్ళు విశాఖ వెళ్ళిపోతారు. మళ్ళీ రద్దీ వచ్చేసరికి కొత్త చేతులు. మనం వారం మధ్యలో వెళ్ళడం మన జేబుకే కాదు, వాళ్ళకూ మేలు.

మరి పెద్ద హోటళ్ళు ఎందుకు రావని పిన్ని అడిగింది. ఇది గిరిజనుల రక్షణ కోసం ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు, దాన్నే 1/70 చట్టం అంటారు. దాని ప్రకారం ఇక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు. ఇలాంటి చోట భూమిని ప్రైవేటు గనులకు లీజుకు ఇవ్వకూడదని, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుట్టింది కూడా ఇక్కడే, అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాల నుంచి. ఈ చట్టం పర్యాటకానికి అడ్డు అనే మాట దారిలో ఒకరిద్దరి నోట విన్నాను. నేను ఒప్పుకోను. ఆ కొండలు తవ్వేసి ఉంటే చూడడానికి వెళ్ళేది దేన్ని? భూమి బగతల, కొండదొరల, కోటియాల వంటి గిరిజనుల చేతిలో ఉన్నందుకే లోయ ఇంకా లోయలా ఉంది. వాళ్ళే ఇళ్ళలో రెండు గదులు వేసుకుని అతిథులను ఉంచుకునేందుకు అప్పు, మరుగుదొడ్డి, నీటి కనెక్షను, కాస్త శిక్షణ అందితే చాలు.

అది సాధ్యమని నాకు తిండి దగ్గర తెలిసింది. రోడ్డు పక్క బొంగు చికెన్ చేసే దంపతుల దగ్గర తిన్నాం. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద పెట్టారు. నూనె చుక్క లేదు. బొంగు నల్లబడేదాకా ఆయన దాన్ని తిప్పుతూనే ఉన్నాడు. వెదురులోని తడితోనే ముక్క ఉడికింది. లాడ్జి రెస్టారెంటులో చల్లారిన పులావు తిన్న మాకు అది పండగ. వెదురు, ఆకులు, పనితనం అన్నీ అక్కడివే, డబ్బు కూడా అక్కడే ఉంటుంది.

సోమవారం పొద్దున వలిసె పూలు చూశాం. లోయంతా పసుపు ఆరబోసినట్టు ఉంది. వలిసెలు నూనెగింజల పంట. ఫొటోల కోసం జనం దిగి మొక్కలు తొక్కేస్తుంటే రైతులు మనిషికి ఇంత అని తీసుకుని దారి చూపిస్తున్నారు. పూలకు డబ్బులేమిటని మా వెనకున్న ఒకాయన గొడవపడ్డాడు. నాకు బాధ కలిగింది. రైలుకు ఇచ్చాం, గదికి ఇచ్చాం, మధ్యవర్తికీ ఇచ్చాం. ఏ పొలం చూడడానికి ఇంత దూరం వచ్చామో ఆ పొలం మనిషి దగ్గరకు వచ్చేసరికి బేరమా? పొలం గట్టు మీద నిలబడిన ముసలాయన ఆయనతో ఏమీ అనలేదు. అమ్మ చేయి పట్టుకుని సాళ్ళ మధ్య వెడల్పున్న చోటికి తీసుకెళ్ళి, "ఇక్కడ నిలబడండమ్మా, మొక్క విరగదు" అన్నాడు.

తిరుగు ప్రయాణానికి ముందు గిరిజన సహకార సంస్థ దుకాణంలో కాఫీపొడి కొన్నాను. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల పక్కన పండే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోటల్లో అప్పుడే ఎర్రపండ్ల కోత మొదలైంది. టీ కొట్టు అక్కకు కూడా ఒక పొట్లం తీసుకున్నాను. మంగళవారం జీపును బొర్రా మీదుగా తిప్పించి ఇచ్చాను. కాఫీ తను తాగదట, ఇంటికి వచ్చేవాళ్ళకు పెడతానని దాచుకుంది.